ఇంటి రౌటరు – దాని లోపలి చిరునామా

ఆదోనికి ఉత్తరము వ్రాయువారు 518301 అనియు, ఎమ్మిగనూరుకు వ్రాయువారు 518360 అనియు పిన్‌కోడు వేయవలెనని మన విద్యార్థులందరికిని తెలిసినదే. 1972 ఆగస్టు 15న తపాలాశాఖ ఈ ఆరంకెల పద్ధతిని ప్రవేశపెట్టిన నాటినుండి ఒక పట్టణపు అంకె మరియొక పట్టణమునకు చెల్లదు. చెల్లినచో ఉత్తరములు దారి తప్పును. కాని నేడు ఈ రెండు పట్టణములలోని ఇండ్లలో గోడకు తగిలించియున్న రౌటరు అను చిన్న పెట్టెను గూర్చి విచారించినచో విచిత్రమైన సంగతి ఒకటి కనబడును. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంటి రౌటరు చిరునామా 192.168.1.1. ఎమ్మిగనూరులో ఒక నేతపనివారి ఇంటి రౌటరు చిరునామాయు 192.168.1.1. బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములకు పోయిన మన బంధువుల గదిలోని పెట్టెకును తరచుగా అదే అంకె. ఒకే చిరునామా ఇన్ని ఇండ్లకు ఉన్నప్పుడు సమాచారము దారి తప్పక ఎట్లు చేరుచున్నది? విద్యార్థివేతనముల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, తల్లిదండ్రుల బ్యాంకు వ్యవహారములు అన్నియు ఆ పెట్టె గుండనే నడచుచున్నవి గనుక, దానిని గూర్చి కొంత విపులముగా వివరింప దలచితిమి.

మొదట మాటను గూర్చి ఒక ముచ్చట. చిరునామా అను పదమును మనము తెలుగుమాటగనే వాడుకొనుచున్నను, అది ఫారసీ, ఉర్దూ భాషలలోని సర్‌నామా నుండి వచ్చినది. ఉత్తరపు శిరోభాగమున వ్రాయునది అని దాని భావము. కంప్యూటరుగాని, సెల్‌ఫోనుగాని పంపు సమాచారము చిన్నచిన్న ప్యాకెట్లుగా విభజింపబడి పోవును. ప్రతి ప్యాకెట్టు శిరోభాగమునందును పంపువారి చిరునామా, అందుకొనువారి చిరునామా వ్రాయబడి యుండును. కావున ఈ పాత పదము కొత్త శాస్త్రమునకు ఎంత చక్కగా అతికినదో పాఠకులే గ్రహింపగలరు.

ఈ చిరునామాలు రెండు తెగలు. లోకమంతటికిని చెల్లునవి కొన్ని. ఒక ఇంటి గడప లోపల మాత్రమే చెల్లునవి కొన్ని. రెండవ తెగకు మన ఇండ్లలోని పిలుపులకంటె మంచి ఉదాహరణము లేదు. ఉర్దూ మాట్లాడు ఇంటిలో పిల్లవాడు అమ్మీ అని పిలిచినచో ఒక్కరే పలుకుదురు. ప్రక్క ఇంటిలోను ఒక అమ్మీ కలదు, ఆమె పలుకదు. తెలుగు ఇంటిలో అన్నా అని పిలిచినను అంతే. ఊరిలో వేయిమంది అమ్మలు, వేయిమంది అన్నలు ఉన్నను ఏ ఇంటిలోను తికమక లేదు. ఆ పిలుపు గడప దాటిపోదు గనుక. అదే పిల్లవాడు ఆదోని బస్టాండులో నిలిచి అమ్మా అని కేకవేసినచో ఎందరు తల్లులు వెనుదిరిగి చూతురో! తపాలా కార్డుపై అమ్మీకి అని మాత్రము వ్రాసి డబ్బాలో వేసినచో తపాలా బంట్రోతు దానిని ఎవరికి ఇయ్యగలడు? 192.168.1.1 అను అంకెయు సరిగా ఇట్టిదే. అది ఇంటిలో పిలుచుకొను పిలుపు. బయటి ఇంటర్నెట్టులో ఆ అంకెగల ప్యాకెట్టును ఏ సంస్థవారి యంత్రమును ముందుకు పంపదు.

ఈ ఏర్పాటు ఎందువలన కలిగినదో చెప్పవలసి యున్నది. నేటికిని మిక్కిలి వాడుకలో నున్న చిరునామా పద్ధతిని నిర్ణయించు ఆర్.ఎఫ్.సి. 791 అను పత్రము జాన్ పోస్టెల్ సంపాదకత్వమున 1981 సెప్టెంబరులో వెలువడినది. దాని ప్రకారము ప్రతి చిరునామాకును 32 బిట్లు, అనగా సున్నగాని ఒకటిగాని కూర్చుండదగిన 32 గళ్ళు. వానిని ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును 0 మొదలు 255 వరకు గల అంకెగా వ్రాసి, మధ్య చుక్కలు పెట్టుదుము. కనుకనే 256 అను అంకె ఏ చిరునామాలోను కానరాదు. ఇట్లు ఏర్పడగల చిరునామాలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. విశ్వవిద్యాలయములును, ప్రభుత్వ పరిశోధనాలయములును మాత్రమే కంప్యూటర్లు కలిగియున్న దినములలో ఇది తరుగని నిధివలె తోచినది. జేబుజేబునకు ఒక ఫోను చేరిన లోకమునకు ఇది చాలదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండారములోని కడపటి కట్టలు ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచబడినవి; మన ఆసియా ప్రాంతపు సంస్థయగు ఏపీనిక్ అదే సంవత్సరము ఏప్రిల్ 15 నాటికి తన చివరి కట్టకు వచ్చి, అటుపిమ్మట కొంచెము కొంచెముగా మాత్రమే ఇయ్యసాగినది.

ఈ కరువును ముందుగనే చూచినవారు లేకపోలేదు. 1996 ఫిబ్రవరిలో, అనగా విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న మన దేశ ప్రజలకు ఇంటర్నెట్టు సేవ ప్రారంభించిన ఆరు మాసములకు, యాకొవ్ రెఖ్టర్ మొదలగు ఐదుగురు కలిసి ఆర్.ఎఫ్.సి. 1918 అను పత్రమును ప్రకటించిరి. అందులో మూడు వరుసలు ఎవరి ఇంటిలో వారు ఎవరి అనుమతియు లేక వాడుకొనుటకు విడిచిపెట్టబడినవి. 10తో మొదలగునవి అన్నియు ఒక వరుస, 172.16 నుండి 172.31 వరకు మొదలగునవి రెండవది, 192.168తో మొదలగునవి మూడవది. మూడవ వరుసలో 65,536 చిరునామాలు కలవు. ఇంటికి ఇవి ఎంతయో ఎక్కువ గనుక రౌటరు తయారుచేయువారు దీనినే విశేషముగా ఎన్నుకొనిరి. పెట్టె తన చిరునామాను సాధారణముగా 192.168.1.1 అనియో 192.168.0.1 అనియో పెట్టుకొని వచ్చును. జియోవారి ఫైబరు పెట్టెలలో 192.168.29.1 అని కనబడుట కలదు. ఇంటిలో రౌటరు లేక, ఫోనులోని హాట్‌స్పాట్ తెరచి మిత్రులకు పంచు విద్యార్థులు తమ ఫోనే అప్పుడు రౌటరు అగునని గమనింపవలెను. ఐఫోను ఆ వేషమున 172.20.10.1 అను రెండవ వరుస చిరునామాను ధరించును.

మరి లోపలి పిలుపు బయట చెల్లనప్పుడు మన ఫోను బయటి లోకముతో ఎట్లు మాట్లాడును? ఇచ్చట ఆదోని పత్తి మార్కెట్టులోని ఒక కమీషన్ దుకాణమును మనస్సునకు తెచ్చుకొందము. దుకాణములో పదిమంది పనివారు కలరు. ఎవరు ఉత్తరము వ్రాసినను గుమాస్తా దానిని తీసికొని, పైన దుకాణము పేరును, ఒక లేఖ సంఖ్యను వేసి, ఏ సంఖ్య ఎవరి ఉత్తరమో తన పుస్తకమున వ్రాసికొని పంపును. బదులు వ్రాయువారు దుకాణము పేరిటనే, మీ లేఖ సంఖ్య ఫలానా అని వ్రాయుదురు. గుమాస్తా పుస్తకము తిరగవేసి ఎవరి ఉత్తరమును వారికి అందించును. రౌటరు చేయు పనియు ఇదియే. మన ఫోను యొక్క లోపలి చిరునామాను తొలగించి, కనెక్షన్ ఇచ్చిన సంస్థ తనకిచ్చిన బయటి చిరునామాను వేయును. లేఖ సంఖ్యకు బదులుగా పోర్టు అను సంఖ్యను వేయును. తన పట్టికలో వ్రాసికొనును. బదులు రాగానే మరల మార్చి ఫోనుకు చేర్చును. ఈ పనికి నాట్ అని పేరు. దీనిని కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనువారు 1994 మే నెలలో ఒక పత్రమున వివరించిరి. అప్పట్లో దీనిని కొంతకాలపు సర్దుబాటుగానే తలచిరి. అది ముప్పది సంవత్సరములు దాటియు నిలిచియున్నది.

ఇంటిలోని ఫోన్లకు, కంప్యూటర్లకు పిలుపులు పెట్టువాడును రౌటరే. కొత్త ఫోను వై-ఫైలో చేరగానే దానికి 192.168.1.2 అనియో, 192.168.1.37 అనియో ఒక అంకెను కొంత గడువునకు ఇచ్చును. గడువు తీరినపిమ్మట అది మారవచ్చును. ఈ పద్ధతిని డి.హెచ్.సి.పి. అందురు. ఆ అంకెతోపాటు 255.255.255.0 అను మరొక అంకెయు కనబడును. మొదటి మూడు భాగములు ఇంటివారందరికిని ఒకటే, చివరి భాగము మాత్రము ఎవరిది వారిది అని దాని తాత్పర్యము. మొదటి మూడు ఇంటిపేరు, నాలుగవది మనిషి పేరు అనుకొన్నచో చాలును. చివరి భాగమున 0 ఇంటికంతటికిని గుర్తు, 255 అందరిని ఒక్కసారి పిలుచుటకు. మిగిలిన 254 అంకెలును వాడుకకు. ఎప్పుడైనను ఫోనుగాని కంప్యూటరుగాని 169.254తో మొదలగు అంకెను చూపినచో, దానికి రౌటరు నుండి పిలుపు అందలేదనియు, తానే ఒకటి పెట్టుకొన్నదనియు తెలియవలెను. అట్టి సమయమున కనెక్షన్ ఇచ్చినవారిని నిందించుటకు ముందు రౌటరును, మధ్యనున్న తీగను పరీక్షించుట మేలు.

ఇక మన ఇంటి రౌటరు అంకె ఏదో కనుగొను విధము. పెట్టెను త్రిప్పి అడుగుభాగమున అంటించిన చీటీ చూచుట అన్నింటికంటె సులువు. చీటీ చినిగినను, ఎవరైనను ఆ అంకెను మార్చియున్నను, కంప్యూటరును అడుగవలెను. విండోస్ కంప్యూటరులో స్టార్టు నొక్కి సి, ఎం, డి అను మూడు ఇంగ్లీషు అక్షరములు కొట్టి ఎంటర్ నొక్కినచో నల్లని తెర వచ్చును. అందులో ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అను ఎనిమిది అక్షరములు ఖాళీ విడువక కొట్టి మరల ఎంటర్ నొక్కవలెను. వచ్చు వరుసలలో డిఫాల్ట్ గేట్‌వే అనుచోట ఉన్నదే మన రౌటరు. గేట్‌వే అనగా ద్వారము. మన ప్రాంతమున తెలుగువారికిని ఉర్దూవారికిని ఉమ్మడి మాటలో చెప్పవలెనన్న దర్వాజా. అచ్చట ఎఫ్.ఇ.80 అని మొదలై అక్షరములు కలిసిన పొడవైన వరుస కనబడినచో అది కొత్త పద్ధతి చిరునామా. దాని క్రిందనున్న చుక్కల అంకె మనకు కావలసినది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరచి, వై-ఫైలోనికి పోయి, కలిసియున్న వై-ఫై పేరు ప్రక్కనున్న గుర్తును నొక్కినచో వివరములలో గేట్‌వే అని చూపును. ఐఫోనులో అదే స్థలమున రౌటరు అనియే ఉండును. ఫోను వై-ఫైలో కాక సిమ్‌కార్డు డేటాపై నడచుచున్నప్పుడు ఈ అంకె కనబడదు.

దొరికిన అంకెను ఎచ్చట కొట్టవలెనో అదియే ముఖ్యము. బ్రౌజరు పైభాగమున చిరునామా వ్రాయు గడిలో కొట్టవలెను గాని వెదకు పెట్టెలో కొట్టరాదు. వెదకు పెట్టెలో కొట్టినచో ఆ అంకెనే తమ పేరుగా పెట్టుకొన్న ఎవరెవరివో పుటలు బయటపడును. ఇది గడప లోపలి పిలుపని ముందే చెప్పితిమి. కావున ఆ అంకె పేరిట బయటి లోకములో ఏ పుట కనబడినను అది మన ఇంటి రౌటరు కాజాలదు. అందులో సహాయమునకు ఫోను చేయుడని నంబరు ఇచ్చి, పాస్‌వర్డు అడుగువారుండినచో వారు మోసగాండ్రనియే తలచవలెను. అట్టివారి వలన డబ్బు పోయినచో వెంటనే 1930 అను జాతీయ సహాయ నంబరునకు తెలుపవలెను. మరియొక చిన్న పొరపాటు మిక్కిలి సాధారణమైనది: ఒకటి అంకెకు బదులు ఇంగ్లీషు ఎల్ అక్షరము కొట్టుట. అంకె సరిగా కొట్టినపిమ్మట బ్రౌజరు ఈ పుట సురక్షితము కాదని హెచ్చరించుట కలదు. బయటి వెబ్‌సైట్లకు ఇచ్చు ధ్రువపత్రము ఇంటి పిలుపునకు సాధారణముగా ఉండదు గనుక ఆ హెచ్చరిక వచ్చును. నిజముగా మన ఇంటి రౌటరేయైనచో దానికి భయపడ నక్కరలేదు.

అప్పుడు పేరును, పాస్‌వర్డును అడుగు పుట తెరచుకొనును. మన ఇండ్లలో ఎక్కువ ప్రమాదము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. వై-ఫై పాస్‌వర్డు వేరు, రౌటరు పాస్‌వర్డు వేరు. మొదటిది వీధి దర్వాజా బీగపుచెవి, అతిథులకును ఇత్తుము. రెండవది బీరువా బీగపుచెవి. వై-ఫై పాస్‌వర్డును జాగ్రత్తగా మార్చుకొన్న ఇండ్లలో కూడ రెండవది ఫ్యాక్టరీలో పెట్టినట్లే, పేరు అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్ అని నిలిచిపోవుట కలదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసిన కాలమునుండి విద్యుత్ స్తంభములపైగా వచ్చు ఫైబరు తీగ చిన్న పట్టణములకును సామాన్యమైనది. పెట్టె బిగించువారు బల్బులు వెలుగగానే వెడలిపోవుదురు. బీరువా బీగపుచెవి ఏదని అడుగువారు అరుదు.

ఆ చెవి పరుల చేతికి చిక్కినచో ఏమగునో బ్రెజిల్ దేశపు వృత్తాంతము తెలుపును. 2011, 2012 ప్రాంతములలో అచ్చట సుమారు 45 లక్షల ఇంటి మోడెములలోనికి దొంగలు ప్రవేశించిరి. మోడెములలోని ఒక లోపము వారికి దారి అయినది. వారు తీగలు తెంపలేదు, యంత్రములు చెరుపలేదు. లోపల డి.ఎన్.ఎస్. అనుచోట ఉన్న అంకెను మాత్రము మార్చిరి. పేరు చెప్పినచో అంకె చెప్పునది డి.ఎన్.ఎస్. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఫలానా బ్యాంకు ఎచ్చట అని అడుగగా తప్పు వీధి చూపువానివలె, ఆ మార్చిన అంకె బ్యాంకు పేరు కొట్టినవారిని నకిలీ పుటకు నడిపించినది. తెరపై బ్యాంకు పేరు సరిగానే యుండినది, చదువుకొన్నవారును మోసపోయిరి. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము మరియొక దారి త్రొక్కినది. అడ్మిన్ వంటి సుమారు అరువది ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డుల జతలను వరుసగా ప్రయత్నించుచు కెమెరాలను, రౌటర్లను లక్షల కొలది వశపరచుకొనినది. అట్టి యంత్రముల మూక ఆ సంవత్సరము అక్టోబరు 21న డిన్ అను సంస్థపై విరుచుకుపడగా అమెరికాలో ట్విట్టర్ మొదలగు పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. తమ కెమెరా అందులో పాలుపంచుకొన్నదని వాని యజమానులలో చాలమంది ఎరుగనే ఎరుగరు.

కావున లోపలికి పోయినవెంటనే రౌటరు పాస్‌వర్డును మార్చవలెను. అటుపిమ్మట కలిసియున్న పరికరముల పట్టిక చూడవలెను. ఇంటిలో నాలుగు ఫోనులుండి పట్టికలో తొమ్మిది కనబడినచో వై-ఫై పాస్‌వర్డు వీధిలో తిరుగుచున్నదని అర్థము. డి.ఎన్.ఎస్. అంకె ఎవరిదో కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి సరిచూచుకొనవచ్చును. రిమోట్ మేనేజ్‌మెంట్ అనునది బయటినుండి ఈ పుటను తెరచుటకు దారి. సంస్థవారికి అవసరమైన చోట తప్ప దానిని మూసియుంచుట మంచిది.

మన ప్రాంతపు పాత ఇండ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. రాతిగోడల మిద్దె ఇండ్లలో ముందరి గదిలోని వై-ఫై వెనుక వంటయింటికి చేరదు. ఎమ్మిగనూరులో మగ్గముల గది వెనుకనున్నచో, నేసిన చీర ఛాయాచిత్రమును కొనువారికి పంపుటకు వీధిలోనికి రావలసి వచ్చును. కనుక రెండవ రౌటరు కొని తీగతో మొదటిదానికి కలుపుదురు. రెండును 192.168.1.1 అయినచో ఒకే ఇంటిలో ఇద్దరు అబ్బాజాన్‌లు కూర్చున్నట్లగును. రెండవ పెట్టె తనవైపునకు ఏది, ఎదుటివైపునకు ఏది తెలియక తడబడును. రెండవదానిని విడిగా తెరచి దాని అంకెను 192.168.2.1 అని మార్చుట ఒక ఉపాయము. దానిలో యాక్సెస్ పాయింట్ అను ఏర్పాటు ఉన్నచో అది ఇంకను మేలు. అప్పుడది పిలుపులు పెట్టు అధికారము మాని, మొదటి రౌటరు మాటను దూరమునకు వినిపించు పని మాత్రమే చేయును.

దుకాణములో కెమెరా పెట్టి ఇంటినుండి చూడదలచినవారికి మరొక సంగతి. రౌటరు పుటలో వ్యాన్ అనుచోట బయటి చిరునామా కనబడును. అది 100.64 మొదలు 100.127 వరకు గల అంకెతో మొదలైనచో, సంస్థవారు మన గుమాస్తాకు పైన మరియొక పెద్ద గుమాస్తాను కూర్చుండబెట్టిరని తెలియవలెను. 2012 ఏప్రిల్‌లో ఈ వరుస అందుకొరకే కేటాయింపబడినది. అప్పుడు అనేక ఇండ్లు ఒకే బయటి చిరునామాను పంచుకొనును. బయటినుండి నేరుగా మన పెట్టెను తట్టుట సాధ్యము కాదు. ఆరవ కూర్పు చిరునామా పద్ధతిలో 128 బిట్లుండుటచే ప్రతి ఫోనుకును లోకమంతట చెల్లు అంకె ఇయ్యవచ్చును. మన దేశపు మొబైలు సంస్థలు దానిని విరివిగా వాడుచున్నవి. ఇండ్లలో మాత్రము పాతదియు కొత్తదియు ప్రక్కప్రక్కన నడచుచున్నవి.

పాస్‌వర్డును మార్చి మరచినవారు పెట్టె వెనుక సూదిబెజ్జమంత రంధ్రములోని రీసెట్ మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టినచో అది ఫ్యాక్టరీ నుండి వచ్చిన స్థితికి మరలును. అయితే సంస్థవారు బిగించిన ఫైబరు పెట్టెలో వారు ఎక్కించిన యూజరు పేరు, ఇతర ఏర్పాట్లును దానితో తుడిచిపెట్టుకొనిపోవచ్చును. అందుచేత ముందుగా వారికి ఫోను చేసి ఆ వివరములను కాగితముపై వ్రాసికొని, ఆ తరువాతనే సూది చేతబట్టవలెను.